ఇనప్పెట్టెలో సర్‌క్లిప్ ప్లయర్

నేను ఒక సర్‌క్లిప్ ప్లయర్ని. ఆ పేరు మీరు విని ఉండరని నాకు తెలుసు. కటింగ్ ప్లయర్ మీ ఇంట్లో ఉంటుంది, పట్టకారు మీ వంటింట్లో ఉంటుంది. నా అవసరం మీకు రాదు, మీ బండి గేర్‌బాక్సుకు వస్తుంది. అందులో తిరిగే షాఫ్టు మీద బేరింగులు పక్కకు జారిపోకుండా సర్‌క్లిప్ అనే ఒక ఉక్కు రింగు కాపలా కాస్తుంటుంది. అది నిండు వలయం కాదు, ఒకచోట తెగి ఉంటుంది. ఆ రెండు కొసల్లోనూ సన్నటి రంధ్రాలుంటాయి. నా రెండు మొనలు వాటిలో పెట్టి పిడి నొక్కితే రింగు విచ్చుకుని పైకి వస్తుంది. తక్కిన ప్లయర్లు నొక్కితే నోరు మూసుకుంటాయి, నేను నొక్కితే నోరు తెరుస్తాను. మనుషుల గురించి ఇంత ధైర్యంగా మాట్లాడగలగడం అందువల్లే.

నన్ను ఎర్రగా కాల్చి, అచ్చులో పెట్టి, సుత్తి కింద చితక్కొట్టి, నూనెలో ముంచి, మళ్ళీ కాల్చారు. ఇంత చేసినవాళ్ళు పైపూత దగ్గరకు వచ్చేసరికి పిసినారులయ్యారు. నల్లటి మొహంతోనే విజయవాడ ఆటోనగర్‌లో ఒక పనిముట్ల షాపుకు చేరాను. నా పక్కన ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలో ఒక సెట్టు ఉండేది. ఒకటే పిడి, మార్చుకోవడానికి నాలుగు జతల ముక్కులు, మొహం చూసుకునేంత మెరుపు. వచ్చినవాళ్ళందరూ దాన్నే ముద్దుగా చేతిలోకి తీసుకునేవాళ్ళు. పనిముట్టును కొనేటప్పుడు కళ్ళతో కొని, తిట్టేటప్పుడు చేతులు నొప్పెట్టి తిట్టడం మనుషుల పద్ధతి.

ఒకరోజు ఇద్దరు వచ్చారు. పెద్దాయన బసవపున్నయ్య, రెండో అతను మీరావలి. పదిహేనేళ్ళుగా ఒకే షెడ్డులో గేర్‌బాక్సులు విప్పి బిగించే భాగస్వాములు. మీరావలికి ఎడమ కన్ను లేదు.

"లైఫ్‌టైమ్ గ్యారంటీ అండీ," అంటూ షాపాయన ఎర్ర డబ్బా ముందుకు తోశాడు.

"ఎవరి లైఫ్‌టైమండీ? దానిదా, నాదా?" అన్నాడు మీరావలి.

అలా అడిగే హక్కు అతనికుంది. మూడేళ్ళ కిందట ఇలాంటి మెరుపు ప్లయరే మొన విరిగి, రింగు ఎగిరొచ్చి అతని కంట్లో తగిలింది. అప్పుడు పిడి పట్టుకున్నది బసవపున్నయ్య. ఆ రోజు నుంచి ఆయన ప్లయరన్న మాటెత్తితే చెవులు మూసుకుని, స్క్రూడ్రైవర్‌తో రింగుల్ని పొడిచి లేపుతున్నాడు. మీరావలి పోరు పడలేక ఇప్పుడు మంచిది కొనడానికి బయల్దేరాడు.

బసవపున్నయ్య ఎంపిక చూసి తీరాలి. జేబులోంచి చిన్న ఆకురాయి తీసి ఎర్ర డబ్బావాడి మొన మీద గీశాడు. పూత లేచిపోయి గీత పడింది. షాపాయన గుండె పట్టుకున్నాడు. నా మొన మీద గీస్తే ఆకురాయే జారిపోయింది. తరవాత రెండు పిడులూ పట్టుకుని అటూ ఇటూ ఊపి, కీలు దగ్గర వదులుందేమో చూశాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఒక మందపాటి రింగును ఎర్ర డబ్బావాడితో తెరిస్తే ముక్కులు వంకరపోయాయి. నాతో ముప్పైసార్లు తెరిచాడు. మొనలు అతుకు ముక్కలు కావు, నా ఒంట్లో భాగమే. వంగలేదు, వణకలేదు.

"ఇదిరా మన్నికున్న సరుకు," అన్నాడు. నా జన్మకు నేను విన్న మొదటి మంచిమాట అది. దాంతోనే నా కష్టాలు మొదలయ్యాయి.

షెడ్డుకు తీసుకెళ్ళి నన్ను నూనెగుడ్డలో చుట్టి, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

"అదేందన్నా, కొనింది దాచుకోటానికా?" అన్నాడు మీరావలి.

"ఇంత మంచి ముక్క మళ్ళీ దొరకదురా. చిన్నాచితకా పనులకి వాడి అరగ్గొట్టమాక. పెద్ద పనొచ్చినప్పుడు తీద్దాం."

మీరు నవ్వకండి. టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి, చుట్టాలొస్తే తప్ప మంచి గ్లాసులు కిందికి దించని జాతి మీది. బసవపున్నయ్య పిసినారి కూడా కాదు. నేనూ అరిగిపోయి, నా మొన కూడా ఒకనాడు విరుగుతుందేమోనని ఆయన భయం. ఆ భయంతో, నాకంటే వందరెట్లు ప్రమాదమైన స్క్రూడ్రైవర్‌ను చేత్తో పట్టుకుని, మీరావలికి మిగిలిన ఆ ఒక్క కన్నుకూ ఎదురుగా కూర్చుని రోజూ పనిచేసేవాడు. తెలివంటే ఇదీ.

ఏడాదిన్నర గడిచింది. పెద్ద పనులు వచ్చాయి, పోయాయి. ప్రతిసారీ "ఇంతకంటే పెద్దదొస్తే?" అనేవాడు. దసరాకు మాత్రం నన్ను బయటికి తీసి, పసుపు రాసి, కుంకం పెట్టి, పీట మీద కూర్చోబెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. స్క్రూడ్రైవర్ పాపం గ్రీజు మరకలతో ఒక మూల పడుంది. పని దానిది, పూజ నాది. సాయంత్రానికి మళ్ళీ పెట్టె.

దసరా సెలవులైపోయి స్కూళ్ళు తెరిచే ముందురోజు ఒక స్కూలు బస్సు గేర్‌బాక్సు వచ్చింది. మర్నాటికి బస్సు కదలాలి. మీరావలి షాఫ్టును రెండు చేతులా పట్టుకుని ముందుకు వంగాడు.

"అన్నా, ఇది మొండి రింగు. పెట్టె తియ్యి."

"ఒక్క పోటుకి వచ్చేస్తదిరా, గట్టిగా పట్టుకో."

నిజమే, ఒక్క పోటుకే వచ్చింది. వచ్చి ఎటు పోయిందో మాత్రం ఎవరికీ తెలియలేదు. మీరావలి కుడి కన్ను మీద చెయ్యి పెట్టుకుని కింద కూలబడ్డాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం.

"అన్నా, కనపడట్లా. ఏం కనపడట్లా."

పెట్టెలోంచి ఆ మాట విన్నాను. ఇనుముకు ఏడుపు రాదంటారు. నాకైతే వచ్చింది. పాతిక అడుగుల దూరంలో, పసుపు పూసుకుని, అందంగా, కొత్తగా, ఎవరికీ పనికిరాకుండా ఉన్నాను.

బసవపున్నయ్య బిందె ఎత్తి నీళ్ళు పోశాడు. మళ్ళీ పోశాడు. తువ్వాలుతో తుడిచాడు. దెబ్బ కనుబొమ మీద పడింది, వెంట్రుకవాసిలో తప్పింది. కారిన రక్తం కన్నంతా కమ్మేసింది.

"ఏమన్నా కనపడుతుందారా? చెప్పరా, ఏం కనపడుతుంది?"

"నీ ఏడుపు మొహం కనపడతంది. తాళం తియ్యి."

మొలతాడు ముడి రాలేదు. తెంపేశాడు. తాళం తీసి, నన్ను మీరావలి చేతిలో పెట్టి, "ఇక నీ దగ్గరే ఉంచుకో. నన్నడగమాక," అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడని నేను వెక్కిరించి ఉండాల్సింది. ఆ రోజు నోరు రాలేదు.

కనుబొమకు కుట్లు వేయించుకొచ్చి, కొత్త రింగును మీరావలి నాతోనే ఎక్కించాడు. అది నా మొనల మీద బుద్ధిగా విచ్చుకుని, గాడిలో కూర్చుంది. బస్సు పొద్దున్నే వెళ్ళింది.

తరవాత తొమ్మిదేళ్ళు ఊపిరాడనంత పని. కార్లు, లారీలు, ట్రాక్టర్లు. నూనెలో మునిగాను, ఎండలో కాలాను, చెమట చేతుల్లో జారాను. మొనలు గుండ్రంగా అరిగాయి, కీలు వదులైంది. పోయిన నెల ఒక రింగు నా పట్టులోంచి రెండుసార్లు జారింది. మీరావలి నన్ను వెలుతురులో పెట్టి చూశాడు.

"దీని పనైపోయిందన్నా."

"పెట్టెలో పెడదాంరా, గుర్తుగా ఉంటుంది," అన్నాడు ముసలివాడైన బసవపున్నయ్య. మనిషి మారడు.

"గుర్తుకని దాస్తావు. ఎవడో అవసరానికి తీసి వాడతాడు. వాడి కన్ను పోతే?"

మీరావలి తడి గోనెగుడ్డ తెచ్చి, ముక్కలెగరకుండా నన్ను అందులో చుట్టి, దిమ్మె మీద పెట్టాడు. మొనలు విరగ్గొడితే ఇక నన్నెవరూ వాడలేరు. తుక్కులోకి పోవడమే.

పోతున్నానని నాకు దిగులు లేదు. మీతో ఇన్నాళ్ళు ఉన్నా నాకు అబ్బని గుణం అదొక్కటే. మీరావలి సుత్తి ఎత్తి, ఆ ఒక్క కన్నూ చిట్లించి, గుడ్డ కింద నా మొనలెక్కడున్నాయో గురి చూసుకున్నాడు.

దెబ్బ తప్పలేదు.