అరంగుళం

టైలరు అద్దం ముందు బనీను పైకెత్తి, టేపును చంకల కిందనుంచి తిప్పి ముందుకు లాగాడు. ఊపిరి బిగబట్టి అంకె చూశాడు. ముప్పై తొమ్మిది.

మూడు నెలలుగా పళ్ళు తోముకోగానే ఇదే పని. నిన్నటిదాకా ముప్పై ఎనిమిదిన్నర. రాత్రికి రాత్రి అరంగుళం!

ఎడమవైపు పక్కటెముకల మధ్య నిమ్మకాయంత గడ్డ ఉంది. స్కాన్ చూసిన డాక్టరు, "రక్తనాళాలు చుట్టుకుపోయి కట్టిన గడ్డ పెద్దాయనా, కేన్సర్ కాదు. మీ వయసులో చాలా అరుదు, నా సర్వీసులో ఇది రెండోది. పెరగనంతవరకు దాని జోలికి పోవద్దు" అంటూ నవ్వాడు. ఆ నవ్వే టైలరుకు మింగుడుపడలేదు. కుట్టు చెడగొట్టిన రోజున బట్టలిచ్చినవాళ్ళ ముందు తనూ అలాగే నవ్వేవాడు.

దానికితోడు, నిన్న భార్య ఫోనులో కూతురితో గుసగుసలాడటం చెవిన పడింది. "నాన్నకు మాత్రం చెప్పకే, తట్టుకోలేరు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమే, గడ్డ పెరిగింది."

"పెరిగింది మీ అనుమానం."

"టేపు అబద్ధం చెబుతుందా?"

ఆమె చేతిలో గరిటె జారింది. గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నట్టు చూపు పప్పు డబ్బాల మీదికి పోయింది.

టైలరు డబ్బాలు జరిపాడు. వెనక కాగితంలో చుట్టి ఉంది, పని నేర్పిన గురువు ఇచ్చిన పాత టేపు. ఒక కొస ఇస్త్రీపెట్టెకు కాలి ముడుచుకుపోయింది.

"చొక్కా జేబులో ఉందని చూసుకోలేదండీ. అలాంటిదే కొనుక్కొచ్చి నిన్న రాత్రి మేకుకు తగిలించాను. అమ్మాయితో చెప్పింది ఇదే."

ఆయన రెండు టేపుల్నీ బల్లమీద పక్కపక్కన పరిచాడు. వాడివాడి పాతది సాగిపోయింది. దాని ముప్పై ఎనిమిదిన్నర పక్కన కొత్తది ముప్పై తొమ్మిది చూపిస్తోంది. కొలిచిందీ కత్తిరించిందీ ఒకే టేపుతో కాబట్టి ఇన్నేళ్ళూ ఒక్క చొక్కా బిగుతు కాలేదు, తనకూ తెలియలేదు.

"చూశారా, గడ్డ ఎక్కడిదక్కడే ఉంది!" ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది.

టైలరూ నవ్వబోయాడు. చేయి మాత్రం ఎడమ పక్కకు పోయింది.

"ఇంత చిన్నదే దాచావు. స్కాన్‌లో ఉన్నది ఇంకెంత దాచావో!"

ఆమె నవ్వు ఆగింది. స్టవ్ కట్టేసింది. బీరువాలోంచి స్కాన్ కవరు తెచ్చి టేపుల పక్కన పెట్టింది. చెప్పులు వేసుకుని, "డాక్టరు చెప్పిందే ఉంది అందులో. దాన్నీ మీరే కొలుచుకోండి" అని గుమ్మం దిగి వెళ్ళిపోయింది.