డ్రైవరు చదివిన యాత్ర

డ్రైవరు సర్వీసులో ఉండగా కోసిన కోతలన్నీ వరుసగా నిలబెడితే బస్టాండు చాలేది కాదు. కొండ మలుపులో స్టీరింగు ఊడి చేతికొస్తే, దాని బదులు స్పానరు బిగించి బస్సును కిందికి దింపాననేవాడు. ఒక్క ప్రయాణికుడికి కూడా నిద్రాభంగం కాలేదని పైన ఓ మాట కలిపేవాడు. రిటైరయ్యాక బస్సు ఆగింది గానీ నోరు ఆగలేదు.

ఆయన భార్య ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసింది. ఆయన కూర్చుని ఊళ్లన్నీ తిరిగితే, ఆవిడ నడిచి నడిచి ఆ నాలుగు వీధులే తిరిగింది. "పొద్దున వెళ్లిన దారినే సాయంత్రం వెనక్కి రావడం విసుగెత్తిపోయిందయ్యా. ఒక్కసారైనా తిన్నగా నడుచుకుంటూ పోవాలి," అనేది. అలా తిన్నగా పోయే దారి ఒకటుంది. కొండలూ పొలాలూ దాటి, సముద్రం ఒడ్డున ఉన్న పుణ్యక్షేత్రం దాకా నెలల తరబడి నడిచే యాత్ర. "వచ్చే ఏడు వెళ్దాంలే," అని డ్రైవరు ఏటా అంటూ వచ్చాడు. ఈలోగా పక్షవాతం వచ్చి ఆవిడ ఎడమ కాలు పడిపోయింది. పుస్తకం తెరిస్తే కళ్ల ముందు అక్షరాలు ఈదసాగాయి. నాలుక మాత్రం ఎప్పటిలా చురుగ్గానే ఉంది.

వ్యాయామం చేయించడానికి ఒకమ్మాయి ఇంటికొచ్చేది. "కాలు వస్తుంది పిన్నీ. కానీ తొందరపడితే మొత్తానికే పోతుంది. నేను పక్కన లేకుండా నిలబడొద్దు," అని మరీ మరీ చెప్పేది. ఒకరోజు డ్రైవరును గుమ్మం దగ్గరికి పిలిచింది.

"బాబాయ్, ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంటోంది. కాలు కదపమంటే కళ్లు మూసుకుంటోంది. కాస్త హుషారొచ్చేది ఏదన్నా చదివి వినిపించండి."

డ్రైవరు లైబ్రరీకి పోయాడు. "కాలినడకన యాత్ర చేసినవాళ్లు రాసుకున్న పుస్తకం కావాలమ్మా. వింటే లేచి నడవాలనిపించాలి. ఎవరూ చావకూడదు."

లైబ్రరీ ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుంది. "కష్టమే బాబాయిగారూ. సుఖంగా ఉన్నవాళ్లు ఇంట్లో పడుకుంటారు గానీ అంత దూరం ఎందుకు నడుస్తారు?" అంటూ ఒక్కో పుస్తకమే దించింది. "ఈయనకి కొడుకు పోయాడు. ఈవిడ మొగుడు పోయాడు, అంటే ఇంకొకావిడతో పోయాడు. ఇతనికి ఉద్యోగం పోయింది."

"ఏదీ పోనివాడు ఒక్కడూ లేడా?"

"ఉన్నా పుస్తకం రాయడు," అని చివరికి ఒకటి చేతిలో పెట్టింది. "ఇది తీసుకెళ్లండి. ముగింపు చాలా బాగుంటుంది. చదివినవాళ్లంతా ఏడ్చి మరీ మెచ్చుకున్నారు."

మంచం పక్కన కుర్చీ వేశారు. ఆవిడ కుడిచేతికి చెంచా, దగ్గరగా స్టీలు గ్లాసు. గ్లాసు మీద ఒక దెబ్బ పడితే ఆగాలి, రెండు పడితే పోవాలి. బస్సులో గంట కొట్టినట్టే.

రెండు దెబ్బలు పడ్డాయి. డ్రైవరు మొదటి పేజీ తిప్పాడు. "నా భార్య చనిపోయిన నెలకు, ఆమె చెప్పులు సంచిలో పెట్టుకుని నేను నడక మొదలుపెట్టాను" అని ఉంది. ఆయన కుడికాలు తనకు తెలియకుండానే నేలను తొక్కింది, బ్రేకు అక్కడున్నట్టు.

"నా భార్యా నేనూ నడక మొదలుపెట్టాం," అని చదివాడు. "ఆమెకు ఎడమ కాలు సరిగ్గా పడదు."

ఆ ఎడమ కాలు నోట్లోకి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. భార్య మాత్రం గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

ఇక బండి పల్లానికి దొర్లింది. పుస్తకంలో "నేను" ఉన్నచోటల్లా "మేము" చేసుకుంటూ పోయాడు. ఆ కుంటికాలి ఆవిడ పడవవాణ్ణి తిట్టి ఏరు దాటింది. సత్రంలో గురక పెట్టేవాళ్లందరినీ ఒక గదిలోకి తోసి తలుపేసింది. కొండ మీద గాలికి గొడుగు పట్టుకుని అవతలి కొండ మీద దిగింది.

టక్. ఒక దెబ్బ.

"అది నీ కోత," అంది భార్య.

"పుస్తకంలో ఉందే."

"గొడుగు కోస్తే కోశావులే. ఆవిడ కాలు నిజమేనా?"

తప్పించుకోవాలంటే మలుపు అక్కడే ఉంది. డ్రైవరు తిన్నగా పోనిచ్చాడు.

"కాలు నిజమే."

టక్ టక్.

భార్య వ్యాయామం మొదలుపెట్టింది. పళ్లు బిగించి కాలు ఎత్తేది. "ఏం మందు పెట్టారు బాబాయ్?" అని వ్యాయామం అమ్మాయి నవ్వింది. ఆ పొగడ్తతో డ్రైవరు పూర్తిగా చెడ్డాడు. మర్నాడు కుంటికాలి ఆవిడ, మొగుడు అవతలికి వెళ్లిన సమయం చూసి, కర్ర విసిరేసి తనంతట తాను నిలబడింది. తిరిగొచ్చిన మొగుడికి గుమ్మంలో ఎదురొచ్చింది. చదువుతుంటే ఆయనకే ఒళ్లు పులకరించింది.

ఆ వారమే ఇలాంటిదే ఇంకో పుస్తకం కోసం లైబ్రరీకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి భార్య మంచానికీ గుమ్మానికీ మధ్య నేల మీద పడి ఉంది. ఏడవడం లేదు.

"ఆవిడ ముందు ఏ కాలు వేసింది? అది చెప్పలేదు నువ్వు," అంది.

తుంటి ఎముక విరిగింది. ఇక నడక మాట మరిచిపొమ్మని ఆసుపత్రిలో డాక్టరు చెప్పేసి పోయాడు. చూడ్డానికి వచ్చిన వ్యాయామం అమ్మాయితో, "ఆవిడ నిలబడ్డ పేజీ ఒక్కసారి చదివి పెట్టమ్మా. ఎక్కడ తప్పు చేశానో చూడాలి," అంది ఆవిడ. అమ్మాయి పుస్తకమంతా తిరగేసింది. డ్రైవరు టీ ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పిన్నీ, ఇందులో అలాంటావిడ లేదు. ఆయన భార్య మొదట్లోనే చనిపోయింది. ఆవిడ చెప్పులు మోసుకుంటూ ఈయన ఒక్కడే నడిచాడు."

అమ్మాయి మెల్లగా లేచి, డ్రైవరు మొహం చూడకుండా పక్కనుంచి వెళ్లిపోయింది.

"నువ్వు కుంగిపోతావని..." అని మొదలుపెట్టాడు డ్రైవరు.

"బస్సు కథలు ఎన్ని చెప్పినా విన్నాను. అవి నీ గురించి. కాలు నిజమేనా అని అడిగానయ్యా నిన్ను."

స్పానరుతో దించే మలుపు కాదది.

"ఆ చెప్పులు మోసినాయన క్షేత్రం చేరాడా?"

"చేరాడు."

"అయితే చదువు. మొదటి నుంచి. ఉన్నది ఉన్నట్టు."

డ్రైవరు కూర్చుని పుస్తకం తెరిచాడు. "నా భార్య..." అన్నాడు. ఆ తర్వాతి మాట కళ్లకు కనబడుతోంది, నోటికి రావడం లేదు. కాలు నేలను తొక్కిపెట్టి ఉంది.

మంచం మీంచి ఆవిడ చెయ్యి చాపింది. చెంచా లేదు. ఉంగరం ఉన్న వేలితో మంచం ఇనుప కమ్మీ మీద కొట్టింది.

టక్ టక్.