మజ్జిగ మరక

రోజీ ఒంట్లోకి చక్కెర ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ అంతుబట్టలేదు.

ఎనిమిదో నెల. తీపి ముట్టడం లేదు, అన్నం బాగా తగ్గించింది. మధ్యాహ్నం జొన్నరొట్టె, కూర, అత్త కలిపిచ్చే చెంబెడు చిక్కటి మజ్జిగ, అంతే. అయినా వేలికి సూది గుచ్చి చూసుకుంటే మిషన్‌లో అంకె ఎగబాకుతూనే ఉంది. లోపల బిడ్డ నెలలకు మించి పెరుగుతోంది. తల్లి చక్కెరంతా బిడ్డకు చేరుతుందనీ, ఇలాగే సాగితే కాన్పులో తల బయటికొచ్చాక భుజాలు ఇరుక్కోవచ్చనీ డాక్టరమ్మ గట్టిగా హెచ్చరించింది.

దొంగచాటుగా తింటున్నావా అని భర్త సాల్మన్ రాజు అడిగేశాడు. రోజీ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

అత్త వజ్రమ్మ మాత్రం సంబరంగా ఉంది. ఆమె పెట్టెలో ఒక పాత అంగీ ఉంది. పుట్టిన బిడ్డకు కొత్తబట్ట తొడగకూడదని ఆ ఇంటి పట్టింపు; తొలి బట్ట అదే. సాల్మన్ రాజు ఎలుకపిల్లంత పుట్టి అందులో మునిగిపోయాడట. చూసినవాళ్లంతా నవ్వారట. ఈసారి అంగీ నిండాలని వజ్రమ్మ పంతం.

ఆదివారం పెద్ద చర్చికి బయల్దేరే తొందరలో, అత్త ఆ రోజు పొద్దున్నే కలిపిచ్చిన మజ్జిగను రోజీ కొంగు మీద ఒలకబోసుకుంది. ఆరాధన ముగిసేసరికి మరక ఎండింది. తడిమితే కొంగు అక్కడ అట్టముక్కలా బిరుసెక్కి ఉంది. ఉత్త మజ్జిగకు బట్ట అలా ఎండదు. అలా ఎండేది గంజికే.

ఇంటికి రాగానే నేరుగా వంటింట్లోకి నడిచింది. ముందే వచ్చిన వజ్రమ్మ, అన్నం వార్చిన గంజిని మజ్జిగలో కలుపుతూ దొరికిపోయింది.

“డాక్టరమ్మ అన్నం తగ్గియ్యమన్నది. గంజి వద్దన్లే గదా బిడ్డా. బలమంతా గంజిలనే ఉంటది.”

“గా బలమంతా బిడ్డ భుజాలకెక్కుతున్నది అత్తమ్మా. రేపు గవే ఇరుక్కుంటె?”

వజ్రమ్మ గరిటెలోని గంజిని తిరిగి గిన్నెలోకి వంపేసింది. ఆ రోజు నుంచి గంజి పక్కింటి బర్రెకు పోయింది. అంకె దిగింది. చివరి స్కానింగ్ చూసి, మామూలు కాన్పుకే ప్రయత్నిద్దామనీ, ఆపరేషన్‌కు కూడా అన్నీ సిద్ధంగా ఉంచుతాననీ డాక్టరమ్మ చెప్పింది.

నొప్పులు వచ్చాయి. తల వచ్చింది. భుజాలు మాత్రం రాలేదు. రోజీ మోకాళ్లను పొట్ట వైపు గట్టిగా వంచమని డాక్టరమ్మ నర్సులకు చెప్పింది. రోజీ కళ్లు మూసుకుంది. ఇంకొక్క నొప్పి. భుజం జారింది. మరుక్షణం దవాఖాన అదిరిపోయేలా ఏడుపు.

ఆడపిల్ల. నాలుగు కిలోల పైచిలుకు. మడమకు సూది గుచ్చి చూస్తే పిల్ల చక్కెర కూడా సరిగ్గానే ఉంది.

వజ్రమ్మ అంగీ తీసింది. పిల్ల చేయి మోచేతి దగ్గరే ఆగింది. ఇంకొంచెం లాగితే కుట్టు పటుక్కుమంది. సాల్మన్ రాజు పడీపడీ నవ్వాడు. చివరికి అతని పాత తువ్వాలే తొలి బట్ట అయింది.

మరునాడు రొట్టెతో పాటు మజ్జిగ వచ్చింది. రోజీ చెంబులోకి తొంగి చూసింది.

“గంజి లేదు బిడ్డా,” అంది వజ్రమ్మ. “నమ్మకుంటె జర కొంగు మీద పోసుకొని చూడు.”