నోటి పిలుపు

సోమవారం నాడు అంజిలయ్య గొంతు కోసి లోపలి గడ్డ తీస్తారు. దాంతోపాటు మాట కూడా పోతుంది. "పెద్దాయనా, ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు" అని హైదరాబాదు డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు. ఇవాళ శనివారం.

మాట పోతుందని అంజిలయ్య పెద్దగా ఏడ్చిందేమీ లేదు. యాభై ఏళ్లు గొర్రెల వెంట తిరిగినవాడు మనుషులతో మాట్లాడింది ఎంత గనక? "ఆయనకు దేవుడు నోరిచ్చింది గొర్లను అదిలియ్యనీకె" అని బీరమ్మ పెళ్లయిన నాటి నుంచీ అంటూనే ఉంది. కానీ కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అన్నారు. ఆ తక్కువ మాట్లాడే నోరే ఒక్కసారి జారింది, అదీ కన్నబిడ్డ మీద. ఆ మాట తిరిగి తీసుకోవాలంటే ఈ రెండు రోజులే ఉన్నాయి.

జరిగింది ఇదీ. వాళ్ల ఊళ్లో మూడేళ్లకోసారి కులదైవం బీరప్ప పండుగ చేస్తారు. ఆ పండుగకు తండ్రి స్వయంగా బిడ్డ అత్తగారింటికి పోవాలి. గొంగడి పరిచి కూర్చుని, అత్తమామలు వింటుండగా బిడ్డను పేరు పెట్టి పిలవాలి. పోయినసారి పండుగ ముందే మందలో నలభై గొర్రెలు ఒకేసారి ఈనడం మొదలుపెట్టాయి. వాటిని విడిచి పోలేక, అంజిలయ్య కొడుకు పరశురాంతో ఫోన్ చేయించి ఊరుకున్నాడు. అంత మాత్రానికే తప్పా అంటే, తప్పే. "మీ నాయినకు గొర్లకంటె అగ్గువైనవా?" అని అంజిలయ్య బిడ్డ కరుణను ఆమె అత్త కాశమ్మ వాడకట్టంతా వినేటట్టు అడిగింది. కరుణ పండుగకు రాలేదు. పండుగ రోజు కులపెద్దల నడుమ గొంగడి మీద కూర్చున్న అంజిలయ్య, ఇంత కల్లు, అంత కోపం కలిసి అనేశాడు: "ఇగ దాని పేరు నా నోట్లకెల్లి రాదు."

గొంగడి మీద అన్న మాటంటే అన్నట్టే. మూడేళ్లు ఆ పేరు ఎత్తలేదు, బిడ్డ పుట్టింటి గడప తొక్కలేదు. మళ్లీ పండుగ వచ్చే నెలే.

అందుకే నడి ఎండాకాలంలో, నవాబుపేట పక్కనున్న పల్లె నుంచి తెల్లవారుతూనే బిడ్డ అత్తగారి ఊరు కరణ్‌కోటకు బయలుదేరాడు. పాత టీవీఎస్ బండి, సీటు మీద మడిచిన గొంగడి, దాని మీద బీరమ్మ. గొంతు మీద, పరీక్షకు ముక్క తీసినచోట డాక్టరు వేసిన కట్టు కనబడకుండా రుమాలు చుట్టుకున్నాడు.

వికారాబాదులో పరశురాంకు బండ్లు బాగుచేసే షెడ్డుంది. తల్లిదండ్రులకు చల్ల తాగించి, తండ్రి మీద గయ్యిమన్నాడు.

"గీ ఎండల పోవుడేంది నాయినా? డాక్టరు మాట్లాడొద్దన్నడు గదా! ఫోన్ కలుపుత. ఒక్క మాట చెప్పు, అయిపాయె."

"ఫోన్‌తోనే చెడ్డది" అన్నాడు అంజిలయ్య. ఆ రెండు మాటలకే గొంతు గీరుకుపోయింది.

"మరి ఆపరేషన్ సంగతన్న చెప్తె, ఏడ్సుకుంట అదే ఉరికొస్తది."

"వద్దు." అంజిలయ్య ఊపిరి తీసుకున్నాడు. "రోగమని జాలిపడి వస్తె, పిలిస్తె వచ్చినట్టు గాదు. ఎవ్వలు చెప్పొద్దు."

"ఇగో, నాతోని గూడ ఒట్టేయించుకున్నడు" అన్నది బీరమ్మ కొడుకుతో. "పొట్టేలన్న చెప్తె ఇంటది గని, మీ నాయిన ఇంటడా?"

అనంతగిరి అడవిలో కాసేపు చల్లగా సాగింది ప్రయాణం. ధారూరు దాటాక ఎండ నెత్తిన పడింది. నాపరాళ్ల లారీలు ఎదురొచ్చినప్పుడల్లా తెల్లటి దుమ్ము లేచి ముక్కులోకి, నోట్లోకి పోతోంది. భర్త వీపుకు చెంప ఆనించి కూర్చున్న బీరమ్మకు ఒకచోట ఆ వీపు లోపల ఏదో కదిలినట్టనిపించింది. చెవి పెట్టి విన్నది. "కరుణా" అంటున్నాడు. మళ్లీ "కరుణా." మళ్లీ. మూడేళ్లు నోట్లో పెట్టుకోని పేరు, సమయానికి తడబడుతుందని భయపడి అలవాటు చేసుకుంటున్నాడు. బీరమ్మకు ఏడుపొచ్చింది. మాట్లాడకయ్యా అని చెప్పాల్సింది ఆవిడ. చెప్పలేకపోయింది. తన కడుపున పుట్టిన బిడ్డ పేరు ఆ నోట వినక ఆవిడకూ మూడేళ్లయింది మరి.

తాండూరులో సోడాబండి దగ్గర ఆగి రెండు సోడాలు అడగబోయాడు అంజిలయ్య. గాలి తప్ప ఏమీ రాలేదు. సోడా తాగి మళ్లీ అడిగి చూశాడు. రాలేదు. ఉన్న కాస్త గొంతునూ దారిలోనే ఖర్చు చేసుకున్నాడు పిచ్చి మనిషి!

"ఇంటికి మర్రిపోదామా?" అన్నది బీరమ్మ.

తల అడ్డంగా ఊపి బండి తన్నాడు.

కరణ్‌కోటలో కరుణ భర్త ఫ్యాక్టరీ డ్యూటీకి పోయాడు. కాశమ్మ వాకిలి ఆ కొసన మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నీళ్ల డ్రమ్ము దగ్గర గిన్నెలు తోముతున్న కరుణ, బండి చూసి చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. తల్లిని కావలించుకుంది. తండ్రికి చెంబుతో నీళ్లిచ్చింది గానీ ముఖం చూడలేదు.

అంజిలయ్య గొంగడి తెచ్చి వాకిట్లో పరిచి దాని మీద కూర్చున్నాడు. కాశమ్మ చేతిలో చింతపండు ఆగింది. ఏమి జరగబోతోందో అక్కడున్న ముగ్గురు ఆడవాళ్లకూ తెలుసు.

అంజిలయ్య నోరు తెరిచాడు. రాలేదు. మెడ నరాలు ఉబ్బేటట్టు మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి గానీ మాట రాలేదు.

కరుణ చూసి చూసి పళ్లు బిగించింది.

"గింత దూరమొచ్చి గూడ నా పేరు నోట్లకెల్లి రాదా నాయినా? గొంగడి మీద కూసుంటె మళ్ల ఒట్టు యాదికొచ్చిందా? మరి ఎందుకొచ్చినట్టు?"

బీరమ్మ నోరు తెరవబోయింది. అంజిలయ్య ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. కరుణ వెనక్కి తిరిగి గడప మీద కాలు పెట్టింది.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. టక్, టక్. కాసేపాగి, టక్.

అంగుడికి నాలుక కొట్టి చేసే చప్పుడు అది. మిట్టమధ్యాహ్నం మందను నీడకు పిలవడానికి అంజిలయ్య చేసేది అదే. దానికి గొంతుతో పనిలేదు. బడి లేని రోజుల్లో చిన్న కరుణ గొర్రెల వెంట మేతకు వచ్చి ఎక్కడెక్కడో తిరిగేది. ఈ చప్పుడు వినబడితే గొర్రెలకంటే ముందు పరుగెత్తుకొచ్చి సద్దిమూట ముందు కూర్చునేది. ఆ పిల్లను ఏనాడూ పేరు పెట్టి పిలవాల్సిన పనే పడలేదు.

కరుణ గడప మీదే ఆగిపోయింది. వెనక్కి తిరిగింది. ఈసారి తండ్రిని నిండుగా చూసింది. మండుటెండలో మెడకు రుమాలు. దాని కింద తెల్లటి కట్టు.

"ఏమైంది నాయినా?" అంటూ వచ్చి గొంగడి మీద మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన బిడ్డ తలను దగ్గరికి తీసుకుని చెవి దగ్గర పెదవులు కదిపాడు. ఊపిరి తగిలింది.

"కరుణా... పండుగకు రా బిడ్డా."

కరుణకు దుఃఖం ఆగలేదు. భోరున ఏడుస్తూనే తల తిప్పి అత్త వైపు చూసింది. అత్తింటివాళ్ల చెవిన పడితేనే అది పిలుపు. కాశమ్మ అక్కడికి పది బారల దూరంలో ఉంది. రోడ్డు మీద రాళ్ల లారీ ఒకటి రొద పెట్టుకుంటూ పోతోంది.

కాశమ్మ చింతపండు చేట పక్కన పెట్టింది. లేచి, కొంగు సర్దుకుని, వచ్చి గొంగడి అంచు దగ్గర నిలబడింది. ఆ మెడకున్న కట్టును చాలాసేపు చూసింది.

"ఇన్ననే అన్నా" అన్నది. "పేరు పెట్టి పిలిచినవ్. నా చెవులార ఇన్న. పంపిస్త. నేను గూడ వస్త."

అంజిలయ్య రెండు చేతులూ జోడించి, ఏదో చెప్పాలని మళ్లీ నోరు తెరిచాడు.

"చాలన్నా" అన్నది కాశమ్మ. "ఇగ మాట్లాడకు."