పెట్టె లోపలి చీటీ

ఫోన్ మోగినప్పుడు కోమలి గ్రైండర్ లోంచి దోసెపిండి తోడుతోంది. రెండు చేతులూ మణికట్టు దాకా పిండిలో ఉన్నాయి. ఫోన్ మామ చెంగయ్యది. ఆయనకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు కాబట్టి ఎవరు ఫోన్ చేసినా స్పీకర్లో పెట్టే మాట్లాడతాడు. ఆ ఇంట్లో రహస్యాలు నిలవకపోవడానికి అదొక కారణం.

"చెంగయ్య గారా? మద్రాసు నుంచి సునీల్‌కుమార్‌ని సార్. మీరు బాగుచేసి పంపిన మానిటర్ నాలుగు రోజులుగా నడుస్తోంది. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆపలేదు. గీత లేదు, వణుకు లేదు. నా చిన్నప్పటి రంగులే సార్, అచ్చం అవే!"

కోమలి తోడడం ఆపి వినసాగింది. చేతుల్లోంచి పిండి జారి గచ్చు మీద పడింది.

"ఇంకా ఆరు వీడియో గేము పెట్టెలున్నాయి. దసరాకల్లా పిల్లలొచ్చి ఆడుకునేట్టు హాలు తెరవాలని నా ఆశ. ఆ మొదటిదాన్ని తేవడానికే ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం. ఆ పిక్చర్ ట్యూబులు ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు కదా, దారిలో పగిలితే ఇక అంతే. అందుకని మనిషినే పంపండి. నెలరోజుల పని ఉంటుంది. లోపల చీటీ మీద 'ధన' అని ఉంది. ఆ ధన గారే రావాలి సార్, ఇంకెవరూ వద్దు."

"ధన అంటే నా కొడుకే సార్, ధనశేఖర్. వాని చేతిలో గుణం ఉండాది. పంపిస్తా" అన్నాడు చెంగయ్య, గొంతు నిండా గర్వంతో.

ఆ మాట కోమలికి మొదట తీపిగానే వినపడింది. తన మొగుడి పేరును మద్రాసులో ఎవరో పెద్దమనిషి గౌరవంగా 'గారు' చేర్చి పలికాడు! పెళ్లై యాభై రెండు రోజులు. ఆమె ఇంకా రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉంది. బీరువాలో అతని చొక్కాలు తన చీరల పక్కన వేలాడుతుంటే చూడ్డానికి అప్పుడప్పుడు ఊరికే తలుపు తెరుస్తుంది. సాయంత్రం స్కూటరు సందు మలుపు తిరిగే చప్పుడు ఇరవై చప్పుళ్లలోనైనా గుర్తుపడుతుంది. కాబట్టి సంతోషం ముందు వచ్చింది. గచ్చు మీద పడ్డ పిండిని గుడ్డతో తుడవడానికి వంగినప్పుడు మాత్రం, ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎక్కడని వెతికితే దొరకలేదు. తుడుస్తూనే ఉంది, తుడిచిన చోటే మళ్లీ మళ్లీ.

ఆ మానిటర్ సంగతి చెప్పాలంటే చెంగయ్య యవ్వనం దాకా పోవాలి. ఒకప్పుడు తిరుపతి బస్టాండు దగ్గర ఆయనకు వీడియో గేముల కొట్టు ఉండేది. పన్నెండు పెట్టెలు. కొండెక్కబోయేవాళ్ల పిల్లలూ, కాలేజీ ఎగ్గొట్టిన పిల్లలూ వరసలు కట్టి ఆడేవారు. ఫోన్లు వచ్చి ఆ ఆట ముగిశాక ఎనిమిది పెట్టెలు అమ్మేసి, చెడిపోయిన నాలుగింటిని మాత్రం అమ్మలేక పుత్తూరు ఇంటి వెనక రేకుల షెడ్డులో పట్ట కప్పి ఉంచాడు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరుగా పేరున్న ఆ పుత్తూరులోనే రిపేరు కొట్టు పెట్టాడు. చెయ్యి మెడకు కట్టించుకున్నవాళ్లూ, కాలికి కట్టుతో కుంటేవాళ్లూ దారిలో ఆగి ఫోన్లు బాగుచేయించుకుంటారు. "మనుషుల్ని కట్టేవాళ్లు ఆడ, మిషన్లను కట్టేవాళ్లం ఈడ" అని నవ్వుతాడు చెంగయ్య. ఇప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. కొట్టు ధనశేఖర్‌ది. ఫోన్లలో అతను దిట్ట. పాత పెట్టెలంటేనే భయం.

సునీల్‌కుమార్ మానిటర్ వచ్చినప్పుడు తెర నిండా నలుపు, నడుమ అడ్డంగా ఒక్క తెల్లటి గీత. బొమ్మను పైకీ కిందికీ సాగదీసే ఐసీ చిప్పు పోయిందని ధనశేఖర్ సరిగ్గానే పట్టాడు. మద్రాసు నుంచి తెప్పించి కొత్తది వేశాడు. గంట ఆడి కాలిపోయింది. రెండోది వేశాడు, అదీ కాలిపోయింది. "ఈ పెట్టెకు శని పట్టుండాది" అని చెంగయ్య టెంకాయ కొట్టబోయాడు. ఆ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చిన కోమలి, భర్త అన్నం తింటుంటే, మిగిలిన మూడో ఐసీని చేతిలోకి తీసుకుంది. ఇంజినీరింగులో ఈసీఈ చదివిన నాలుగేళ్లూ ల్యాబు అంటే ప్రాణం పెట్టిన పిల్ల. ఐసీ మీద అక్షరాలు మరీ తెల్లగా, మరీ కొత్తగా ఉన్నాయి. అది తయారవడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇంత కొత్తదనం దానికెక్కడిది? ఇంటికి పోయి పెళ్లిలో స్నేహితురాళ్లిచ్చిన మేకప్పు పెట్టెలోంచి గోళ్లరంగు తుడిచే సీసా తెచ్చింది. దూదితో రుద్దింది. ఐసీ నలుపు దూదికి అంటుకుని వచ్చేసింది. కింద గరుకు కాగితంతో అరగదీసిన గీతలు, ఆ గీతల మధ్య చెరిగీ చెరగని ఇంకేదో నంబరు. వేరే ఏదో పనికిరాని ఐసీకి రంగు వేసి, పేరు మార్చి అమ్మారు.

"దొంగ నాకొడుకు! పేరు మార్చి అమ్మినాడు!" అని ధనశేఖర్ ఎంగిలి చేత్తోనే ఆమె గడ్డం పట్టుకున్నాడు. పప్పు అంటుకుంది. ఇద్దరూ కడుపుబ్బా నవ్వారు.

అసలుది ఎక్కడ దొరుకుతుంది? ఇరవై ఏళ్లనాడు వేసినదాంట్లోనే. షెడ్డులో పట్ట కింద ఉన్న నాలుగు పెట్టెల సంగతి ఎత్తినప్పుడు చెంగయ్య ముందు తల అడ్డంగా ఊపాడు. తర్వాత తానే పట్ట తీసి, "ఈ మూలది ముందు తియ్యి. దీనికి నొప్పి తక్కువ" అన్నాడు. కోమలి ఆ పెట్టె బోర్డు మీంచి ఐసీని కాళ్లు వంగకుండా ఊడదీసింది. కెపాసిటర్లు మాత్రం పాతవి పనికిరావు, లోపల ఆరిపోయి ఉంటాయి. వాటిని బిల్లు ఇచ్చే దుకాణం నుంచే, కంపెనీ సీలు ఊడని పొట్లంలోనే కావాలని ఫోన్లో పట్టుబట్టి తెప్పించింది. మూడు మధ్యాహ్నాలు, ఇంట్లో గిన్నెలు తోమడం అయ్యాక, సాయంత్రం కాఫీ వేళకు ముందు. నాలుగో రోజు గీత విచ్చుకుంది. నల్లటి తెర మీద ఎర్రటి చిన్న విమానం ఎగిరింది.

చెంగయ్య కొట్టులో ఒక నియమం ఉంది, వీడియో గేముల కాలం నుంచీ. బాగుచేసిన పెట్టె మూసేముందు తేదీ, పేరు రాసిన చీటీ లోపల అంటించాలి. "ఎవురి చెయ్యి పడితే వాళ్ల పేరు. రేపు సెడిపోతే ఎవుర్ని తిట్టాలో తెలియాల గదా" అంటాడు. ఆ రోజు పెన్ను కోమలి చేతిలో ఉంది. తేదీ రాసింది. పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, 'ధన' అని రాసింది. ఎవరూ రాయమనలేదు. పెళ్లికి ముందు రోజు గోరింటాకులో అరచేతి మధ్య అదే పేరు రాసుకుంది. చీటీ మీద రాస్తుంటే అదే పులకరింత. గుండ్రంగా, చక్కగా చుట్టి రాసింది.

ఇప్పుడు గచ్చు తుడుస్తుంటే ఆ ముల్లు దొరికింది. ఎవరో గుచ్చింది కాదు. తనే చేజేతులా గుచ్చుకుంది.

"పిండి పొయ్యిందా? చదువుకున్న చేతులు గదా, నిలవవు" అంది అత్త గురవమ్మ లోపలికి వస్తూ. ఆ మాటలో విషం లేదు, అలవాటు ఉంది. వచ్చిన వారంలోనే, "ఇంజినీరు పిల్లంట, పప్పులో ఉప్పు కూడా మీటరు పెట్టి సూస్తాదేమో" అని వీధంతా నవ్వించింది. కోమలి కూడా నవ్వింది. "రేపు మీ నాయన వస్తాడు గదా, గుడ్డలు సర్దుకో. ఎల్లుండి నుంచి ఆషాఢం. నువ్వు కాణిపాకంలో మీ పుట్టింట్లో, వాడు మద్రాసులో. ఇల్లు బోసిపోతాది" అంది మళ్లీ. చివరి ముక్క మెత్తగా ఉంది.

మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని కొట్టుకు పోయింది కోమలి. ధనశేఖర్ ముఖం సగం వెలుగు, సగం చెమట.

"మా నాయన మాట ఇచ్చేసినాడంట గదమ్మే! ఆ పాత పెట్టెలంటే నాకు భయంగా ఉండాది."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నా. ఏం జెప్పేది ఆయనకు, అంత సంబరంగా ఉంటే? ఇదో, నాకొక ఉపాయం తట్టింది." గొంతు తగ్గించాడు. "నేను ఆడ పెట్టె తెరిచి ఫోన్ నిలబెడతా. నువ్వు కాణిపాకం నుంచి సూస్తా చెప్పు, నేను చేస్తా. ఆషాఢమంతా రోజుకు ఎనిమిది గంటలు నీ మొఖం నాకు, నా మొఖం నీకు. ఎవురూ ఏమీ అనలేరు, పనే గదా!"

కోమలి గుండె ఒక్కసారి గంతేసింది. రోజుకు ఎనిమిది గంటలు! ఎంత ముద్దొచ్చాడంటే క్యారియర్ గిన్నె మూత తీయడం మరిచిపోయింది. అప్పుడే మెడకు చెయ్యి కట్టుకున్న ఒకాయన మెట్టు మీదికి వచ్చి, "ఏమ్మా, మెకానిక్కుకు అన్నం పెట్టడం అయితే నా ఫోను సూడమని చెప్పు" అన్నాడు. అన్నం గిన్నె ఆమె ముందూ, బల్ల మీంచి తీసిన స్క్రూడ్రైవర్ ఆమె చేతిలోనూ ఉన్నాయి. ఆయనకు గిన్నె ఒక్కటే కనబడింది. పిండి రుబ్బింది ఎవరని దోసె తినేవాళ్లు అడగరు. ఇన్నాళ్లూ అది వంటింటి సంగతి అనుకుంది. ఈ నెలంతా తను ఫోన్లో ఒక గొంతుగా ఉంటుంది. చేతులు అతనివి. చీటీలు ఆరు. ఆరింటి మీదా ఒకే పేరు, ఆ ఐసీ మీద రాసిన తెల్లటి పేరులాగా మెరుస్తూ. కింద అరగదీసిన గీతలు ఎవరికీ తెలియవు. తెలియాలంటే ఎవరో దూదితో రుద్దాలి.

ఆయన వెళ్లాక అడిగింది. "ధనా, పెట్టె వెనక తలుపు తెరవంగానే ముందు ఏం చేస్తావు?"

"ప్లగ్ పీకతా."

"తర్వాత?"

అతను పైకి చూశాడు.

"ట్యూబు మీద నల్ల రబ్బరు టోపీ ఉంటాది. ప్లగ్ పీకినా దాని కింద కరెంటు నిలిచే ఉంటాది. ముందు ఆ కరెంటును దించాల. ఫోన్లో నేను చెప్పే లోపల నీ చెయ్యి ఆడ పడితే? నాకు తాళి కట్టి యాభై రెండు రోజులే అయిందప్పా."

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"నేను పోతా. ఆ పని నాది" అంది కోమలి. చెప్పాక తన గొంతు తనకే నచ్చింది.

ధనశేఖర్ అన్నం కలుపుతూ కలుపుతూ, "ఆ చీటీ నేను సూసినా" అన్నాడు. "పంపేముందే. మార్చాలనుకున్నా. మార్చలేదు. నీ అక్షరాల్లో నా పేరు బాగుండె. అది ఒకటి. ఇంకొకటి, మా నాయన సూస్తే సంతోషపడతాడని." తల దించుకున్నాడు. "నువ్వెందుకు రాసినావు?"

"ఇష్టంగా ఉండె."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కూడా ఇష్టమే. నువ్వంటే. చీటీ సంగతి వేరే."

అతను ముద్ద కలిపి ఆమె నోటికి పెట్టాడు. వీధిలో జనం చూస్తున్నా పెట్టాడు.

సాయంత్రం దీపాల వేళ అందరూ వసారాలో కూర్చున్నప్పుడు ధనశేఖరే మొదలుపెట్టాడు. "నాయనా, ఆ పెట్టె బాగుచేసింది కోమలి. నేను రెండు ఐసీలు కాల్చినా, అంతే. మద్రాసుకు ఆమే పోవాల."

చెంగయ్య వినపడే కుడి చెవిని కొడుకు వైపు తిప్పాడు. తర్వాత, "నువ్వు కొంచెం చెయ్యి సాయం చేసినావని తెలుసమ్మాయ్. కానీ నెల రోజులా? కొత్త పెళ్లికూతురు మొగుణ్ని ఇడిసిపెట్టి పోయిందని జనం అనరా?" అన్నాడు.

"ఆషాఢంలో ఇడిసిపెట్టి పోకపోతేనే గదా మామా జనం అనేది" అంది కోమలి.

గురవమ్మ పుసుక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మద్రాసులో పెరంబూరులో మా పిన్ని ఉండాది. అదీ పుట్టిల్లే. నాయనకు ఫోన్ చేసినా. 'మీ అమ్మ చెల్లెలిల్లు పరాయిదా ఏంది, పో, నేను రైల్లో దిగబెట్టి వస్తా' అన్నాడు. అత్తా కోడలు ఒక గడప దాటకూడదు, అంతే గదా? దాటం." ఆమె మామ వైపు తిరిగింది. "మామా, ఎవురి చెయ్యి పడితే వాళ్ల పేరు రాయాలని చెప్పింది మీరే. తప్పు రాసింది నేనే. సరిచేసేది కూడా నేనే."

గురవమ్మ ఒళ్లో ఉన్న చిక్కుడుకాయలు పక్కకు పెట్టింది.

"పన్నెండు పెట్టెల అద్దాలు" అంది నెమ్మదిగా, మొగుడి వైపు చూడకుండా. "పదేండ్లు, పొద్దున్నే, ఆ పిల్లోళ్ల జిడ్డు చేతుల మరకలు తుడిసినా. ఈ చంకలో వీడు, ఆ చేతిలో గుడ్డ. నా పేరు ఏ చీటీ మీద రాసినావు నువ్వు?"

చెంగయ్య భార్య వైపు చూశాడు. ఆ సంగతి ఆయన మరిచిపోవడం కాదు, అసలు ఎప్పుడూ తట్టనే లేదు. అది ఆయన ముఖంలో తెలిసింది. జేబులోంచి ఫోన్ తీసి, నంబరు వెతికి, నొక్కి, కోడలి చేతికి ఇచ్చాడు. స్పీకర్ ఆన్‌లోనే ఉంది.

"చెప్పండి చెంగయ్య గారూ!"

"నమస్తే సార్. నా పేరు కోమలి. చెంగయ్య గారి కోడల్ని. మీ మానిటర్ బాగుచేసింది నేనే. మిగతా ఆరూ నేనే చేస్తాను. రేపు పొద్దున రైలుకు వస్తున్నా."

"అయ్యో, చాలా సంతోషమమ్మా! రండి రండి. ఏ పెట్టెతో మొదలుపెడదాం?"

"మొదట ఆ నడుస్తున్నదాన్నే తెరవాలి సార్."

"అదెందుకమ్మా? అది బాగానే ఉంది కదా?"

"బాగానే ఉంది సార్" అంది కోమలి, ధనశేఖర్ వైపు చూసి నవ్వుతూ. "లోపల చీటీ ఒకటి మార్చాలి."