మా అమ్మ జీవితం ఆయన నోట

మా క్రైస్తవ సంఘం వాళ్ళు తుపాకీ పట్టరు, కోర్టు మెట్లెక్కరు, ఒట్టు కూడా వెయ్యరు. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించమన్నాడు ప్రభువు గనక చూపిస్తారు. ఆ మాట పట్టుకునే మా తాతముత్తాతలు ప్రష్యా వదిలి రష్యా వెళ్ళారు, మేము రష్యా వదిలి ఈ పరాగ్వే దేశపు ముళ్ళ అడవిలోకి వచ్చి పడ్డాం. ఇన్ని వదిలేసుకున్న మనిషికి ఎవరి మీదనైనా కక్ష ఉంటే ఎలా తీర్చుకోవాలి? నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. చివరికి దారి చూపించింది థీల్మన్ పెద్దయ్యే, మంచం పట్టి.

మాలో చావు దగ్గర పడ్డవాళ్ళు ఊళ్ళో అందర్నీ ఒక్కొక్కరుగా పిలిపించుకుంటారు. "నా వల్ల నీ మనసు నొచ్చిందా" అని అడుగుతారు. వెళ్ళినవాళ్ళు చెయ్యి పట్టుకుని "నా మనసులో ఏమీ లేదు" అనాలి. ఆ మాట అందరి నోటా విన్నాకే కళ్ళు మూస్తారు. ఒక్కరు అనకపోయినా దేవుడి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలని వాళ్ళ బెంగ. పెద్దయ్య అయితే జీవితమంతా మాకు ఇదే బోధించాడు. సంఘానికి పెద్ద ఆయన, బాప్తిస్మం ఇచ్చేదీ, ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచేదీ, మనిషిని వెలి వేసేదీ ఆయనే.

కబురు తెచ్చింది సంఘ పరిచారకుడు నికెల్. ఉత్తరపు గాలి దుమ్ము రేపుతోంది, నేను వరండాలో వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాను.

"పెద్దయ్య నిన్ను రమ్మంటున్నారమ్మా, జస్టీనా."

"ఏం, విసనకర్ర పట్టేవాళ్ళు దొరకలేదా?"

"అలా అనకమ్మా. ఇవాళో రేపో అన్నట్టున్నారు. ఊరంతా వెళ్ళొచ్చింది, నువ్వొక్కదానివే మిగిలావు."

"ఊళ్ళో అందరి అమ్మల్నీ కంచె అవతల పాతిపెట్టలేదుగా, నికెల్ బాబాయ్."

ఆయన టోపీ తీసి చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. మంచివాడే, కాకపోతే పెద్దయ్య దగ్గితే తనూ దగ్గే రకం. నేను తలెత్తకుండా కాయలు ఒలుస్తూ ఉంటే కాసేపటికి తనే వెళ్ళిపోయాడు.

మా అమ్మ పేరు అంగనేతా. రష్యా ఏలుబడిలోని ఉక్రెయిన్‌లో మేమున్నప్పుడు మా నాన్న హైన్రిఖ్ క్విరింగ్‌ని నల్లకారులో రహస్య పోలీసులు వచ్చి తీసుకుపోయారు. ఆ ఏడు మా ఊళ్ళో అలా మగాడు పోని ఇల్లు లేదు. యుద్ధంలో గుర్రపు బళ్ళ మీద పారిపోయాం, తర్వాత ఓడెక్కాం, చివరికి ఎద్దుబళ్ళ మీద ఈ అడవికి చేరాం. చేరినవాళ్ళలో నూటికి ఎనభై మంది ఆడవాళ్ళూ పిల్లలూ. మా అమ్మ మట్టి తొక్కి ఇటుకలు కోసింది, ఎద్దుల్ని కట్టి దున్నింది. బోధకుడు లేని ఆ మొదటి ఆదివారం కెబ్రాచో చెట్టు కింద ప్రార్థన చేసిందీ ఆవిడే. ఆవిడకి కంఠతా వచ్చిన కీర్తనలే మాకు బైబిలు. థీల్మన్ పెద్దయ్య వచ్చింది తర్వాత, బావులు తవ్వి, పైకప్పులు వేశాక.

నాలుగేళ్ళకి కొర్నేలియస్ ఉన్‌రావ్ అనే ఆయన మా అమ్మని పెళ్ళికి అడిగాడు. కుంటికాలు, మెత్తని మనిషి, యుద్ధంలో పారిపోయి వస్తూంటే దారిలోనే భార్య చనిపోయింది. అమ్మ ఒప్పుకుంది. పెద్దయ్య ఒప్పుకోలేదు. హైన్రిఖ్ సైబీరియాలో బతికే ఉండొచ్చు, మొగుడు బతికుండగా మరో పెళ్ళి వ్యభిచారం అన్నాడు. వాళ్ళు పరాగ్వే సైనిక స్థావరంలో ఉన్న జడ్జి దగ్గరికి వెళ్ళి పెళ్ళి చేసుకున్నారు. ఆ ఆదివారమే సంఘం ముందు మా అమ్మ పేరు చదివి వెలి వేశాడు. ఆ తర్వాత ఆవిడ ప్రతి ఆదివారం చర్చి బయట, కిటికీ కింద కిరోసిన్ డబ్బా బోర్లించుకుని కూర్చుని ఆరాధన వినేది. పాటలు బయటినుంచే పాడేది. లోపల పాడే ఆడవాళ్ళకి ఆ గొంతు వినపడేది, ఒక్కరూ తల తిప్పేవాళ్ళు కాదు.

జ్వరంతో పోయింది. మాలో ఎవరు పోయినా శవం ముందు వాళ్ళ జీవితం చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఏ కష్టం దాటారు, దేవుణ్ణి ఎలా నమ్మారు, అంతా రాసి సంఘం ముందు చదివి వినిపిస్తారు. తాగుబోతు బోల్ట్‌కి కూడా చదివారు, అతను పాడిన పాటల దగ్గరనుంచీ. మా అమ్మకి చదవలేదు. వెలిలో పోయింది గనక శ్మశానంలో కూడా చోటివ్వలేదు, కంచె అవతల పెట్టాం. మరుసటి ఏడు కజకస్తాన్‌లో చిక్కుకుపోయిన బంధువుల నుంచి వార్త వచ్చింది: మా నాన్నని పట్టుకెళ్ళిన ఏడే కాల్చేశారట. అంటే అమ్మ పెళ్ళి చేసుకునే నాటికి ఎప్పుడో విధవ. నేను పరుగున పెద్దయ్య దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుని, "చేసుకున్ననాడు ఆమెకి తెలియదుగా. తెలియకుండా తెగించింది, తప్పు అక్కడుంది" అన్నాడు.

అప్పట్నించీ నేను బల్ల దగ్గరికి వెళ్ళలేదు. ఒకరి మీద మనసులో ఏదైనా పెట్టుకుని ఆ రొట్టె తినకూడదు, అందుకని తినలేదు. పొగరన్నారు. అవును, పొగరే.

నికెల్ తర్వాత పెద్దయ్య కూతురు ఎల్‌ఫ్రీడ వచ్చింది. చిన్నప్పుడు, వాళ్ళ నాన్న కంటే ముందే వాళ్ళమ్మతో అది వచ్చినప్పుడు, ఇద్దరం ఒకే దుప్పటి కప్పుకుని ఓడలో పడుకున్నాం. పుచ్చకాయ ఒకటి చంకన పెట్టుకొచ్చింది, ఖాళీ చేతుల్తో రాలేక.

"నాన్నకి నిద్ర పట్టట్లేదే. రాత్రంతా నీ పేరే."

"నా పేరు గుర్తుందన్నమాట. మా అమ్మ పేరో?"

"జస్టీనా, పాతికేళ్ళ కిందటి మాట. ఆయన ముసలాడు, గొంతులో పుండు. నీళ్ళు దిగట్లేదు. నీకు జాలి లేదా?"

"ఉంది. దాచిపెట్టుకున్నాను, కిటికీ బయట కూర్చునేవాళ్ళ కోసం."

అది ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాన్ని చూసి కాదు, పుచ్చకాయ చూసి. ఎండాకాలం సాయంత్రాలు పుచ్చకాయ కోసి, నూనెలో వేయించిన రొట్టెలతో పెట్టేది అమ్మ. కళ్ళు తుడుచుకుని, "పద, వస్తాను" అన్నాను. నాకు కావలసింది ఏమిటో ఆ నిమిషంలో తెలిసింది.

పెద్దయ్య ఎముకల గూడైపోయాడు. గొంతు గాలి పోయిన తిత్తిలా ఉంది. నన్ను చూడగానే చెయ్యి చాచాడు. నేను నా చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"నా వల్ల... నీ మనసు నొచ్చిందా, జస్టీనా?"

"నొచ్చింది."

"మరి ఆ మాట చెప్పవా, తల్లీ?"

"చెప్తాను. ముందు మీరొకటి చెయ్యాలి. ఆదివారం, చర్చిలో, మా అమ్మ జీవితం చదవాలి. అందరికీ చదివినట్టు. నేను రాసిస్తాను."

"బోధకుడు ఎడిగర్ చేత చదివిస్తాను" అన్నాడు.

"ఎడిగర్ వెలి వెయ్యలేదు. మీ నోటితోనే."

"గొంతు లేదు నాకు."

"ఆవిణ్ణి వెలి వేసిననాడు బాగానే ఉందిగా."

"జస్టీనా!" అంది ఎల్‌ఫ్రీడ. పెద్దయ్య చెయ్యెత్తి దాన్ని ఆపాడు.

"చివర ఒక వాక్యం ఉంటుంది," అన్నాను. "ఆమెని వెలి వేసిన బెర్న్‌హార్ట్ థీల్మన్ అనే నేను తప్పు చేశాను, అని. అందులో ఒక్క ముక్క మింగినా నా మాట రాదు. మొత్తం చదివితే అక్కడే, అందరి ముందే చెప్తాను."

"ఇది ప్రేమ కాదమ్మా. పగ."

"అవును, పగే. మీరే కదా నాకు అబద్ధం ఆడొద్దని నేర్పింది."

ఆయన ఒప్పుకున్నాడు. భయం చేత ఒప్పుకున్నాడు, నాకు తెలుసు. భయం చేతనైనా సరే అనుకున్నాను.

ఆదివారం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. చర్చి కిక్కిరిసిపోయింది, కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు మేము. రేకుల కప్పు కింద పెనం మీద ఉన్నట్టుంది. పెద్దయ్య కాగితం రెండు చేతుల్తో పట్టుకుని మొదలుపెట్టాడు. ఆ బొంగురు గొంతు కోసం అందరూ ముందుకు వంగారు.

"అంగనేతా ఉక్రెయిన్‌లో పుట్టింది. చర్చిని ధాన్యపు కొట్టుగా మార్చిన రోజుల్లో ఆమె వంటింట్లో పొయ్యి దగ్గర పిల్లలకి కీర్తనలు నేర్పింది, పొరుగువారికి వినపడకుండా, దేవునికి వినపడేలా. భర్తను తీసుకుపోయిన మర్నాడు కూడా భోజనానికి ముందు కృతజ్ఞత చెప్పింది. పారిపోయే దారిలో ఇతరుల బిడ్డల్ని తన బండిలో ఎక్కించుకుని తాను నడిచింది. ఈ ఊళ్ళో మొట్టమొదటి ప్రార్థన ఆమెది. సంఘం ఆమెను బయటికి పంపింది. ఆమె సంఘాన్ని వదలలేదు. కిటికీ కింద కూర్చుని మీ అందరితో కలిసి పాడింది. మీరు విన్నారు."

నా చుట్టూ ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటున్నారు. అప్పుడు తిప్పని తలలు ఇప్పుడు వంచుకున్నారు. నాకు ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. ఒళ్ళంతా వెచ్చగా ఉంది, మా అమ్మ నా పక్కనే కూర్చున్నట్టుంది.

చివరి వాక్యం దగ్గర ఆయన గొంతు పోయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. నికెల్ లేచి, "ఇక చాలమ్మా, అర్థమైంది కదా అందరికీ" అన్నాడు. నేను లేచాను. గ్లాసులో నీళ్ళు పోసి తీసుకెళ్ళి ఆయన పెదాలకి ఆనించాను. సగం గడ్డం మీదుగా కారిపోయాయి.

"చదవండి," అన్నాను.

చదివాడు. "ఆమెని వెలి వేసిన... బెర్న్‌హార్ట్ థీల్మన్ అనే నేను... తప్పు చేశాను."

మాటంటే మాటే. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎండుపుల్లలా ఉంది. "నా మనసులో ఏమీ లేదు," అన్నాను. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ క్షణాన నిజంగానే ఏమీ లేదు. ఇన్నేళ్ళు మోసిన బరువు ఎవరో దించినట్టు భుజాలు తేలికయ్యాయి. పెద్దయ్య మొహం వెలిగిపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఆనందం పట్టలేక, లేని గొంతు కూడగట్టుకుని, కాగితంలో లేని మాట ఒకటి తనంతట తాను కలిపాడు.

"సహోదరులారా, జస్టీనా నన్ను క్షమించింది. ఈ దినాన మనం కూడా మన సహోదరి అంగనేతాను మనసారా క్షమిస్తున్నాం. ఆమె పాపాన్ని ప్రభువు ఇక జ్ఞాపకం చేసుకోకుండును గాక."

"ఆమేన్," అంది చర్చి అంతా. ఎల్‌ఫ్రీడ కూడా అంది.

నేను చెయ్యి లాగేసుకున్నాను.

"ఎవర్ని క్షమించారు?" అన్నాను. మా చర్చిలో ఆడది గొంతెత్తడం అదే మొదటిసారి అనుకుంటా. "మా అమ్మనా? ఆవిణ్ణి క్షమించడానికి మీరెవరు? ఏం చేసిందని క్షమిస్తారు? ఇప్పుడేగా తప్పు నాదని చదివారు!"

పెద్దయ్య అయోమయంగా నావంక చూశాడు.

"నా మాట వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాను. "అందరూ వినండి. నా మనసులో ఉంది. చాలా ఉంది." అని మధ్యదారిన నడుచుకుంటూ బయటికొచ్చేశాను. వెనక ఎవరో "ఎంత రాయి గుండె" అన్నారు. తిరిగి చూడలేదు.

సోమవారం నికెల్ వచ్చాడు, మంగళవారం ఎడిగర్ బోధకుడు వచ్చాడు. ఇద్దరికీ తలుపు తియ్యలేదు. బుధవారం ఎల్‌ఫ్రీడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నేను రొట్టెలకి పిండి పిసుకుతున్నాను.

"ఆయన ఒకటే అడుగుతున్నాడు," అంది. "నేను మంచిమాటే అన్నాను కదా, అంతలో ఏం తప్పు మాట్లాడాను, జస్టీనాని అడిగి కనుక్కురా, అని. నాక్కూడా తెలియట్లేదే. నిజంగా తెలియట్లేదు. ఏమని చెప్పను?"

దాని మొహంలోకి చూశాను. నటన లేదు. నిజంగానే తెలియట్లేదు దానికి. చర్చిలో అందరి ముందు అరిచి చెప్పినా వాళ్ళెవరికీ తలకెక్కలేదు. నింపాదిగా మళ్ళీ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. చెబితే ఆ ముసలాయన అర్థం చేసుకుంటాడు, ఏడుస్తాడు, మళ్ళీ మోయించుకుని చర్చికొస్తాడు, మళ్ళీ తప్పు చేశానంటాడు. అందరూ ఆయన వినయం చూసి కరిగిపోతారు. ఆయన హాయిగా కళ్ళు మూస్తాడు.

"ఏమీ చెప్పకు," అన్నాను.

"జస్టీనా, ఆయన తెలియకుండా పోతాడే."

"పోనీ."

గురువారం మధ్యాహ్నం పోయాడు, చివరిదాకా అదే అడుగుతూ. శుక్రవారం ఆయన జీవితం చదివారట, చాలా పొడుగ్గా ఉందట. నేను వెళ్ళలేదు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగట్లేదు.