తెప్పోత్సవానికి పట్టిన జాగా

ఎక్కడికైనా అందరికంటే ముందు చేరడం తుల్సీరాంకు ఒక జబ్బు. బస్సు తొమ్మిదికి వస్తుందంటే ఏడింటికే రోడ్డు మీద నిలబడి, రాని బస్సును తిడుతుంటాడు. యూరియా వచ్చిందన్న మాట తండాలో చెవిన పడిందా, తెల్లారేసరికి సొసైటీ గేటు ముందు మొదటి జత చెప్పులు ఆయనవే. పెనుబల్లి చుట్టుపక్కల యూరియా వరసలో మనుషులు నిలబడరు, చెప్పులు నిలబడతాయి. చెప్పులు వరసలో విడిచి, మనిషి నీడన కూర్చుని బీడీ కాల్చుకుంటాడు. ఒకరి చెప్పులను ఇంకొకరు జరపరు. జరిపితే జుట్లు పట్టుకునే దాకా పోతుంది వ్యవహారం. ఆ ఊళ్లలో టోకెన్ల మీద లేని నమ్మకం చెప్పుల మీద ఉంది.

అలాంటి మనిషికి భద్రాచలంలో తెప్పోత్సవం చూడాలనే బుద్ధి పుట్టింది. గోదావరిలో హంస వాహనం తిరిగేది చీకటి పడే వేళకు. ఆయన మాత్రం కోడలు సువర్ణను, మనవరాలు చాందిని తండా నుంచి మొదటి బస్సుకే బయల్దేరదీశాడు.

"సాయంత్రం దానికి ఇప్పుడే పోయి ఏం జేస్తం మామా?" అంది సువర్ణ. ఆమె అంగన్‌వాడీ టీచరు. ఒక్కరోజు సెలవు దొరికితే కాస్త పొద్దెక్కేదాకా పడుకుందామని ఆమె ఆశ.

"మధ్యాహ్నం పోతే మనుషుల వీపులు కనపడ్తయి. హంస కనపడదు," అన్నాడాయన.

సువర్ణ భర్త రవికుమార్ సత్తుపల్లిలో లైన్‌మన్. డ్యూటీ అయిపోగానే నేరుగా వచ్చి కలుస్తానన్నాడు. చాంది రెండో తరగతి. బడి లేని రోజు తాత వెంటే తోకలా తిరుగుతుంది. యూరియా వరసలో తాత చెప్పుల పక్కన కూర్చుని కాపలా కాసిన పిల్ల. తాత దగ్గర అది చదువుకున్న చదువు ఒకటే: జాగా పట్టాక లేవకూడదు.

వాళ్లు గోదావరి ఒడ్డుకు చేరేసరికి మెట్లన్నీ దాదాపు ఖాళీ. నీళ్ల మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. తుల్సీరాం కిందా మీదా చూసి, నీటికి దగ్గరగా ఒక మెట్టు ఎంచుకున్నాడు. తువ్వాల పరిచి, కొసల మీద రాళ్లు పెట్టాడు. దాని ముందు తన చెప్పులు, కోడలి చెప్పులు, చాంది నీలం ప్లాస్టిక్ చెప్పులు వరసగా పేర్చాడు.

"గుడికి ఎట్లయినా చెప్పులతో పోరాదు. ఈడ్నే ఉండనీ. జాగకు జాగ, కాపలాకు కాపలా," అని మురిసిపోయాడు.

సువర్ణకు ఆ మెట్టు నచ్చలేదు. ఆమెకు చిన్నప్పటి నుంచీ పెద్ద నీళ్లంటే భయం. పైకి కదలనట్టుండే నీళ్లంటే మరీ భయం. పిల్ల మణికట్టు పట్టుకుని, మామ కంటే ముందే పైకి నడిచింది.

గుడి దగ్గర అప్పటికే జనం. ముసలివాళ్లను పక్క వరసలోంచి తొందరగా పంపుతున్నారని ఎవరో చెబితే తుల్సీరాం అటు పోయాడు. సువర్ణ, చాంది ఇనుప కడ్డీల మధ్య పెద్ద వరసలో నిలబడ్డారు. కొంతసేపటికి పిల్ల విసుగెత్తి, "దాదా దగ్గరికి పోత," అని కడ్డీ కింద నుంచి దూరింది. పసుపు పచ్చ గౌను తాత పంచె పక్కకు చేరడం సువర్ణ కళ్లారా చూసింది. హమ్మయ్య అనుకుంది. అక్కడ తాత మనవరాలిని చూసి, "ఇది ముసలోళ్ల లైను, మీ అమ్మ దగ్గరికి పో," అని వెనక్కి పంపేశాడు. ఆయనా నిశ్చింతగా ముందుకు నడిచాడు.

దర్శనం అయ్యాక ప్రసాదం కౌంటరు దగ్గర మామా కోడళ్లు ఎదురుపడ్డారు.

"చాంది ఏది?"

ఆ మాట ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

మొదట ఇద్దరూ ఒకరినొకరు కోపంగా చూసుకున్నారు. కోపం ఉన్నంతసేపు బాగానే ఉంది. అది పోయాక పరుగు మొదలైంది. వరసల మధ్య, కొబ్బరికాయల దుకాణాల దగ్గర, గుండు గీయించుకునే చోట, నీళ్ల కుళాయిల దగ్గర వెతికారు. పసుపు గౌనులు ఎన్నో కనిపించాయి. సువర్ణ ప్రతి గౌను వెనకా పరుగెత్తి, ఆ పిల్ల తిరిగి చూసేసరికి చచ్చినంత పనై నిలబడిపోయేది. ఊళ్లోని పసిపిల్లలందరినీ రోజూ లెక్క చూసి ఇళ్లకు పంపే తను, సొంత పిల్లను పోగొట్టుకుంది.

మైకు ఉన్న టెంటులో ఒక యువకుడు వివరాలు అడిగాడు. పేరు చెప్పింది. వయసు చెప్పింది. "గౌను ఏ రంగమ్మా?" అంటే, ఇంతసేపూ వెతికిన రంగు అప్పుడు గుర్తుకు రాలేదు. తుల్సీరామే చెప్పాడు. చాంది అనే ఏడేళ్ల పాప ఎక్కడున్నా టెంటు దగ్గరికి రావాలని మైకు గుట్ట నుంచి గోదావరి దాకా పిలిచింది. భజనలు, డప్పులు, మళ్లీ మైకు. పిల్ల రాలేదు. పొద్దు వాలుతోంది.

అప్పుడు మైకు ఇంకో మాట చెప్పింది. ఘాట్ దగ్గర నీటి అంచున చిన్నపిల్ల నీలం చెప్పు ఒకటి దొరికిందట. సంబంధించినవాళ్లు వెంటనే రావాలట.

సువర్ణ మామ చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోని చెయ్యి అది.

"భయపడకు బిడ్డా," అన్నాడు తుల్సీరాం. "ఆ చెప్పులు నేను పెట్టినయే గద. మన జాగల మన చెప్పులే. ఊళ్లెనైతే అందరికి ఎరికె. ఈ టౌనోళ్లకు ఏం తెలుసు? చెప్పులు చూసి మనిషి పోయిండనుకుంటరు."

అవును, మామ పెట్టినవే, వరసలో పెట్టినవే అనుకుంటూ ఆమె మెట్లు దిగింది. ఆ ఒక్క మాటను గట్టిగా పట్టుకుని జనాన్ని తోసుకుంటూ దిగింది. కిందికి వచ్చి చూస్తే వరస లేదు. తువ్వాల పరిచిన చోట ఎవరిదో పెద్ద కుటుంబం చాప వేసుకుని కూర్చుని ఉంది. పెద్దవాళ్ల చెప్పులు రెండు జతలూ ఒక మూలన కుప్పగా పడి ఉన్నాయి. చాంది చెప్పు ఒకటి చిట్టచివరి మెట్టు మీద తడిసి ఉంది. రెండోది నీళ్లలో తేలుతుంటే గజ ఈతగాడు పడవలోంచి వంగి తీస్తున్నాడు.

తుల్సీరాం పెదాలు తడుపుకున్నాడు. "నేను గీడ పెట్టలే," అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా.

పిల్ల గుడి నుంచి ఒక్కతే తిరిగి వచ్చింది. ఇక్కడికే వచ్చింది. చెప్పులు తొడుక్కుని ఉంటుంది. ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో సువర్ణ అనుకోదలచుకోలేదు. అయినా అంతా కళ్ల ముందు కనబడింది. చాప మీద కూర్చున్న పెద్దావిడ దగ్గరికి పోయి, "అమ్మా, ఈ చెప్పులు ఎవరు తీసిన్రు? చిన్నపిల్ల ఎవరన్నా వచ్చిందా?" అని అడిగింది.

"మాకేం తెల్వదు. మేమొచ్చేసరికి ఖాళీగనే ఉంది," అని ఆవిడ ముఖం తిప్పేసుకుంది.

ఈతగాళ్లు దిగారు. తుల్సీరాం పంచె ఎగగట్టి, పోలీసు అరుస్తున్నా వినకుండా తనూ దిగాడు. ఈత రాని మనిషి. నడుము లోతున నిలబడి, కాళ్లతో అడుగున తడుముతున్నాడు. కాలికి ఏదో తగిలినప్పుడల్లా ఆయన ముఖం ఎలా మారుతోందో ఒడ్డు మీద సువర్ణకు కనబడుతోంది. అది రాయి అని తెలిశాక ఆమె మళ్లీ ఊపిరి తీసుకునేది.

మెట్ల మీది జనమంతా లేచి నిలబడ్డారు. అయ్యో పాపం అన్నవాళ్లున్నారు, లేకపోలేదు. కానీ ఫోన్లు పైకెత్తినవాళ్లే ఎక్కువ. "ముందొచ్చినం కాబట్టి సరిపోయింది, ఈడికెళ్లి అంతా మంచిగ కనపడ్తుంది," అని వెనక ఎవడో అన్నాడు. వాడి నోట్లో గోదావరి ఇసక కొట్టాలనిపించింది సువర్ణకు.

అదే సమయానికి రవికుమార్ ఫోన్ చేశాడు. బస్సు హోరులో అతని గొంతు ఉల్లాసంగా వినిపించింది.

"జాగ దొరికిందా?"

"దొరికింది," అంది.

"నీళ్లకు దగ్గరనేనా? చాంది ఏం జేస్తుంది?"

"ఆడుకుంటుంది," అని ఫోను పెట్టేసింది. ఆ అబద్ధం ఆడాక నిలబడలేకపోయింది. ఇక్కడే ఉంటే పిల్లను తీస్తారు, తను చూడాల్సి వస్తుంది. చూడను అనుకుంది. వేల కళ్లు గోదావరిని చూస్తుంటే ఆమె ఒక్కతే గోదావరికి వీపు తిప్పింది.

తిప్పేసరికి ఎదురుగా అన్నీ ముఖాలే. మెట్లు మెట్లుగా, ఒడ్డు పై దాకా ముఖాలే. ఒక్కటీ తనను చూడటం లేదు. ఆ ముఖాలను ఒక్కొక్కటే వెతుకుతూ ఎక్కసాగింది. ఎందుకు ఎక్కుతోందో ఆమెకే తెలియదు. దాదాపు పైకి చేరాక, పిట్టగోడ మీద, రెండు చేతులూ అటూ ఇటూ బార్లా చాపుకుని, మెడ సాచి నీళ్లవైపు చూస్తూ చాంది కూర్చుని ఉంది.

సువర్ణ పిలిచేలోపే పిల్ల ఆమెను చూసింది.

"యాడీ, ఇటు రా," అని పిలిచింది. ఇంటి భాషలో అమ్మ అన్న ఆ ఒక్క మాటకు సువర్ణ మిగిలిన మెట్లు రెండంగల్లో ఎక్కేసింది. పిల్ల ఉత్సాహంగా చెప్పుకుపోతోంది. "ఎవరో పాప నీళ్లల్ల పడ్డదంట. తాతలు, అన్నలు వెతుకుతున్నరు. ఈడికెళ్లి మంచిగ కనపడ్తది."

పిల్ల గౌను కొసను ఒకామె పిడికిట్లో పట్టుకుని ఉంది. కన్నమ్మ అని, దుమ్ముగూడెం దగ్గర పల్లె. "నీ బిడ్డనా చెల్లె?" అంది. "మీవోళ్లేరంటే వస్తరంటది. పేరడిగితే చెప్పలే. గోడ మీదికెళ్లి పడ్తదేమోనని నేనే పట్టుకున్న. మా పిల్లలనన్నా పక్కన కూసోనియ్యలే, నలుగురికి జాగ పట్టిన్నంటది."

సువర్ణ పిల్ల భుజాలు పట్టుకుంది. "మైకుల నీ పేరు పిలిస్తే వినపడలేదా?"

"వినపడ్డది."

"మరెందుకు రాలేదే?"

"లేస్తే జాగ పోతది గద," అంది చాంది. "దాదా పెట్టిన జాగల ఎవరో కూసున్నరు. అందుకే నేను ఈడ పట్టిన."

సువర్ణ ఒక్కటి కొట్టింది. ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది. ఎందుకు కొట్టిందో తెలియక పిల్ల ఏడ్చింది. సువర్ణ పిల్ల జుట్టును, చెవులను, వీపును తడిమి చూసుకుంది. ఎక్కడా తడి లేదు. కన్నమ్మ వద్దంటున్నా ఆమె కాళ్లు ముట్టుకుని, పిల్లను చంకనెత్తుకుని కిందికి పరుగెత్తింది.

తుల్సీరాం ఇంకా నీళ్లలోనే ఉన్నాడు. పిలిస్తే వినిపించుకోలేదు. పడవలోని ఈతగాడు తట్టి చూపిస్తే ఒడ్డుకు తిరిగాడు. కోడలి చంకలో ఏడుస్తున్న పిల్లను చూసి, ఉన్నచోటే కూలబడిపోయాడు. మెడ దాకా నీళ్లొచ్చాయి. ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు. చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నా ఆయన పిల్లనే చూస్తున్నాడు. ఆ ముఖం చూశాక ఆయన్ను ఒక మాట అనాలన్న కోపం సువర్ణలో చల్లారింది.

"దొరికిందంట," అన్నారు జనం. ఒకరి వెనక ఒకరు సర్దుకుని కూర్చున్నారు.

చాప మీది పెద్దావిడ కొంగు సర్దుకుంది, కొంచెం పక్కకు జరిగింది. "కూసో చెల్లె," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఏమనుకోకు. పిల్ల చెప్పులు నేనే కాలితో జరిపిన. జారి నీళ్లల్ల పడ్డయి," అంది.

"అప్పుడే చెప్తే ఏమయితుండె?" అంది సువర్ణ.

ఆవిడ తల దించుకుంది. "చెప్తే మమ్మల్ని లేపుతరనుకున్న."

సువర్ణ చెయ్యి లేవబోయింది కానీ ఆ చేతిలో పిల్ల ఉంది. మామ ఇప్పుడు ఊరంతా వినేలా గొడవ పెట్టుకుంటాడనుకుని ఆయన వైపు చూసింది. తుల్సీరాం ఆవిడను చాలాసేపు చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు, ఎరిగిన మనిషిని చూసినట్టు చూశాడు. చివరికి, "పోదాం బిడ్డా," అన్నాడు.

ఏ వరసలోంచీ, ఏ జాగాలోంచీ పని కాకముందు లేచిన మనిషి కాదాయన. తువ్వాల అడగలేదు. తడి పంచెతో, వట్టి కాళ్లతో ముందు నడుస్తూ జనాన్ని చీల్చి కోడలికి దారి చేశాడు. ఇంత మంచి జాగా వదిలి పోతున్నారేమిటని దారి పొడుగునా అడిగారు. పెద్దావిడ జరిగి ఇచ్చిన చోట అప్పుడే ఇంకెవరో కూర్చున్నారు.

వెనక మొదటి బాణసంచా పేలింది. ఆ చప్పుడుకు సువర్ణ ఉలిక్కిపడి పిల్లను ఇంకా గట్టిగా అదుముకుంది. జనమంతా ఓ అని అరిచారు. హంస వచ్చిందని, చూడలేదని, దింపమని చాంది కాళ్లు కొట్టుకుంటూ గొంతు చించుకుని ఏడవసాగింది.

"ఊకో బిడ్డా, వచ్చే ఏడాది చూద్దాం," అని తుల్సీరాం వెనక్కి తిరిగి సముదాయించబోయాడు.

"ఏడ్వనీ మామా," అంది సువర్ణ. ఆ చీకట్లో, అంత జనంలో, ఆమెకు ఆ ఏడుపు వినబడుతూ ఉండాలి. రవికుమార్ దిగే బస్టాండు చేరేదాకా అది ఒక్క క్షణం ఆగినా ఆమె నడక ఆపి పిల్ల ముఖం చూసుకుంది.